పాత కారు ఇంజను – దోషనిదానము



జ్వరముతో వచ్చిన రోగిని చూడగానే మంచి వైద్యుడు మందు వ్రాయడు. నాడి చూచును, నాలుక చూపుమనును, జ్వరము ఎప్పటి నుండి కలదు, ఏ వేళ హెచ్చుచున్నది అని ప్రశ్నించును. ఈ పరిశీలనకే మన పెద్దలు నిదానము అని పేరు పెట్టిరి. నిదానమనగా మూలకారణము. వాడుకలో ఈ మాటకే తొందరలేమి అను అర్థము కూడ కలదు. మూలకారణము తెలియవలెనన్నచో తొందర పనికిరాదు. ఈ సంగతిని పాత కారు ఇంజనును ఉదాహరణముగా తీసికొని ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

పాత కారునే ఏల ఎన్నుకొంటిమని మీరు అడుగవచ్చును. నేటి కార్లలో పెట్రోలును కొలిచి చిమ్ముట, నిప్పురవ్వను వేళకు పుట్టించుట మున్నగు పనులను ఒక చిన్న గణకయంత్రము నడుపుచున్నది. దోషము కలిగినప్పుడు వేరొక పరికరమును తగిలించి దాని సంకేతమును చదువుదురు. పాత కారులో అట్టిదేమియు లేదు. ప్రతి భాగము కంటికి కనబడును, చేతికి అందును. కావున కార్యకారణ సంబంధమును నేర్చుకొనుటకు పాత ఇంజను మంచి పాఠ్యపుస్తకము వంటిది.

మన దేశమున పాత కారు అనగానే మొదట జ్ఞప్తికి వచ్చునది అంబాసిడరు. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును అనుసరించి, హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పాడాలో దీనిని 1950 దశకపు చివర నిర్మింప మొదలిడిరి. 2014లో ఆ నిర్మాణము నిలిచిపోయెను. 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను చాలకాలము ఈ కారునకు గుండెకాయగా ఉండెను. ఇటలీ దేశపు ఫియట్ 1100 కారునకు రూపాంతరమైన ప్రీమియర్ పద్మిని దీనికి తోటి కారు. మా బళ్లారిలో ఇట్టి కార్లు ఇప్పటికిని అక్కడక్కడ తిరుగుచున్నవి. ఈ వ్యాసమున చెప్పబోవునది ఈ తరపు కార్లన్నిటికిని వర్తించును.

ఇంజను పనిచేయు విధము

దోషము తెలియుటకు ముందు ఆరోగ్యము తెలియవలెను. 1876లో జర్మనీ దేశీయుడు నికొలాస్ ఒట్టో నిర్మించిన నాలుగు ఘాతముల ఇంజను పద్ధతియే నేటికిని పెట్రోలు కార్లలో నడచుచున్నది. సిలిండరు అను గుండ్రని గొట్టములో పిస్టను క్రిందికిని పైకిని కదలుచుండును. మొదటి ఘాతమున పిస్టను క్రిందికి దిగుచు, తెరచియున్న కవాటము, అనగా వాల్వు, గుండ పెట్రోలు ఆవిరి కలిసిన గాలిని లోనికి పీల్చును. రెండవ ఘాతమున రెండు వాల్వులును మూసికొనగా పిస్టను పైకి వచ్చి ఆ మిశ్రమమును ఇరుకున నొక్కును. ఆ నొక్కుడు ముగియు వేళకు స్పార్కు ప్లగ్గు కొనయందు నిప్పురవ్వ పుట్టి మిశ్రమము మండును. మండిన వాయువులు పిస్టనును క్రిందికి త్రోయుట మూడవ ఘాతము. మనకు బలము లభించునది దీనియందే. నాలుగవ ఘాతమున రెండవ వాల్వు తెరచుకొని పొగ వెలుపలికి పోవును.

దీనినిబట్టి ఇంజను నడచుటకు మూడు వస్తువులు కావలెనని తేలుచున్నది. అవి తగినంత పెట్రోలు కలిసిన గాలి, తగినంత నొక్కుడు, తగిన వేళకు నిప్పురవ్వ. నొక్కుడును మెకానిక్కులు కంప్రెషన్ అందురు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను ఇంజను నిలిచిపోవును, లేదా కుంటుచు నడచును. పాత కారు ఇంజను ఎన్ని విధముల మొండికేసినను, నూటికి తొంబది పాళ్లు కారణము ఈ మూడింటిలో ఒకదానియందే ఉండును. అది ఏదియో తేల్చుటయే నిదానము.

ఇచట ఒక చిన్న లెక్క చేసి చూడుడు. ఇంజను నిమిషమునకు 3000 మారులు తిరుగుచున్నదనుకొందము. ప్రతి సిలిండరులోను రెండు తిరుగుళ్లకు ఒక నిప్పురవ్వ పుట్టవలెను. సిలిండర్లు నాలుగు. అనగా నిమిషమునకు 6000, సెకనుకు 100 నిప్పురవ్వలు. ఇవన్నియు ఒక సీసా అంత కాయిలు నుండి, డెల్కో అను చిన్న డబ్బా ద్వారా పంచబడుచున్నవి. డెల్కో అనునది నిజమునకు ఒక అమెరికా సంస్థ పేరు. 1909లో స్థాపింపబడిన డేటన్ ఇంజనీరింగ్ లేబొరేటరీస్ కంపెనీ పేరులోని తొలి అక్షరముల కూర్పు అది. సంస్థ పేరే వస్తువునకు పేరై మన మెకానిక్కుల నోట నిలిచినది.

మొదటి ప్రశ్న: ఇంజను తిరుగుచున్నదా?

కారు కదలలేదు అను మాట నిదానమునకు చాలదు. తాళపుచెవి త్రిప్పినప్పుడు ఇంజను అసలు తిరుగలేదా? తిరుగుచున్నను అంటుకొనలేదా? అంటుకొని కుంటుచున్నదా? నడచుచు నడచుచు హఠాత్తుగా ఆగినదా? ఈ నాలుగును నాలుగు వేరు వేరు వ్యాధులు. వీనిని వేరుపరచకుండ పనిముట్లు చేతపట్టరాదు.

ఇంజను అసలు తిరుగనిచో పెట్రోలును గాని ప్లగ్గులను గాని అనుమానింపవలసిన పని లేదు. ముందు కారు దీపములు వెలిగింపుడు. అవి మసకగా ఉన్నచో, లేదా సెల్ఫు వేయగానే పూర్తిగా ఆరిపోయినచో, బ్యాటరీ బలహీనమైనదని గాని, బ్యాటరీ కొనల బిగింపు వదులైనదని గాని భావింపవచ్చును. ఆ కొనలపై తెల్లని, పచ్చని బూజు వంటి పదార్థము పేరుకొనుట మీరు చూచియుందురు. అది విద్యుత్తునకు అడ్డుపడును. వేడినీటితో కడిగి, గరుకు కాగితముతో రుద్ది, తిరిగి బిగించినంతనే ఎన్నియో కార్లు కదలినవి. విశ్రాంతిగా ఉన్న మంచి 12 వోల్టుల బ్యాటరీ కొలతకు సుమారు 12.6 వోల్టులు చూపును. దీపములు ప్రకాశముగా ఉండియు సెల్ఫు తిరుగనిచో దోషము సెల్ఫు మోటారులో గాని దాని స్విచ్చిలో గాని ఉండును.

రెండవ ప్రశ్న: నిప్పు లేదా, పెట్రోలు లేదా?

ఇంజను చురుకుగా తిరుగుచున్నను అంటుకొననిచో ముందు నిప్పురవ్వను పరీక్షింపవలెను. ఒక ప్లగ్గును ఊడదీసి, దాని తీగను తిరిగి తగిలించి, ప్లగ్గు లోహభాగము ఇంజను లోహమునకు తగులునట్లు ఉంచి, మరియొకరు సెల్ఫు వేయుచుండగా చూడవలెను. ప్లగ్గు కొనల నడుమ నీలితెలుపు రంగుగల నిప్పురవ్వ చిటచిటలాడినచో నిప్పు సరిగనే ఉన్నది. ఆ తీగలో వేలకొలది వోల్టుల విద్యుత్తు ఉండును, చేతితో పట్టుకొనరాదు. సమీపమున పెట్రోలు ఒలికియుండరాదు. ఈ పరీక్షను విద్యార్థులు పెద్దల సమక్షమున తప్ప చేయరాదు.

నిప్పురవ్వ లేనిచో డెల్కో మూత తెరచి చూడవలెను. లోపల పాయింట్లు అనబడు రెండు చిన్న లోహపు కొనలు తెరచుకొనుచు మూసికొనుచు ఉండును. అవి తెరచుకొనినపుడెల్ల కాయిలులో అధిక వోల్టేజి పుట్టును. పాయింట్లు మాడి గుంటలు పడుట, వాని నడిమి సందు తగ్గిపోవుట పాత కార్లలో మిక్కిలి సామాన్యమైన దోషములు. ప్రక్కనున్న కండెన్సరు చెడినచో పాయింట్లు మరింత త్వరగా మాడును. కావున మాడిన పాయింట్లను మార్చి ఊరకున్నచో చాలదు. అవి మాడుటకు కారణమైన కండెన్సరును గూడ విచారింపవలెను. కార్యమును తొలగించి కారణమును విడిచిపెట్టినచో అదే దోషము నెల తిరుగకుండ మరల వచ్చును.

నిప్పు బాగుగ ఉన్నచో అప్పుడు పెట్రోలు వంతు. ముందు తొట్టిలో పెట్రోలు కలదో లేదో చూడుడు. నవ్వకుడు! సూచిక ముల్లు చెడి, తొట్టి ఖాళీయైనను సగము చూపు కార్లు కలవు. తరువాత ఏసీ పంపు నుండి కార్బురేటరునకు పోవు గొట్టమును ఊడదీసి, సీసాలో ముంచి, ఇంజనును త్రిప్పినచో పెట్రోలు ఆగి ఆగి చిమ్మవలెను. రానిచో పంపులోని పలుచని పొర చిరిగియుండును, లేదా జల్లెడ మూసికొనియుండును. పెట్రోలు వచ్చుచున్నచో కార్బురేటరులోని సన్నని రంధ్రములు, జెట్లు అనబడునవి, మురికిచే పూడినవేమో చూడవలెను.

పాత కార్లవారు నేడు మరియొక సంగతి ఎరుగవలెను. మన దేశపు పెట్రోలులో ఇథనాలును క్రమక్రమముగా హెచ్చించుచు వచ్చిరి. 2025 నాటికి దాని పాలు 20 శాతమునకు చేరెను. పూర్వకాలపు రబ్బరు గొట్టములును, పంపు పొరలును దీనిని దృష్టిలో నుంచుకొని చేసినవి కావు. అవి మెత్తబడి, ఉబ్బి, పగులవచ్చును. పెట్రోలు వాసన తగిలినచో ఈ గొట్టములను వెంటనే పరిశీలింపవలెను. ఇది ఇంజనుకు మాత్రమే కాదు, ప్రాణమునకును సంబంధించిన విషయము.

ఒకే లక్షణము, రెండు కారణములు

చైత్ర వైశాఖ మాసములలో బళ్లారి ఎండ ఎట్టిదో మీకు చెప్పనక్కరలేదు. మధ్యాహ్నమున పాత కారు పది మైళ్లు పోయి హఠాత్తుగా ఆగును. అరగంట చెట్టునీడన నిలిపినచో తిరిగి అంటుకొనును. దీనికి ఒక కారణము కలదు. ఇంజను వేడికి పంపులోను, గొట్టములోను పెట్రోలు మరగి ఆవిరియగును. పంపు ద్రవమును నెట్టగలదు గాని ఆవిరిని నెట్టజాలదు. అందుచేత కార్బురేటరునకు పెట్రోలు అందదు. పంపుపై తడిగుడ్డ వేయుట ఎరిగిన డ్రైవర్ల ఉపాయము.

అయితే సరిగా ఇదే లక్షణమునకు వేరొక కారణము కూడ కలదు. కాయిలు పాతబడినచో వేడికి దాని లోపలి తీగలపై పూత చాలక నిప్పురవ్వ ఆగిపోవును. చల్లారిన పిదప మరల పనిచేయును. అప్పుడును కారు ఆగును, అరగంటకు అంటుకొనును. లక్షణము ఒక్కటే, కారణములు రెండు. ఒకడు పంపు మార్చును, వేరొకడు కాయిలు మార్చును. ఇరువురును ఊహతోనే మార్చుదురు.

వీనిని వేరుపరచుట కష్టము కాదు. కారు ఆగిన ఆ క్షణముననే, అది చల్లారకముందే, నిప్పురవ్వను పరీక్షింపవలెను. రవ్వ ఉన్నచో కాయిలు నిర్దోషి, పెట్రోలునే అనుమానింపవలెను. రవ్వ లేనిచో పెట్రోలు జోలికి పోనక్కరలేదు. చల్లారిన తరువాత చేసిన పరీక్ష వ్యర్థము. అప్పుడు అన్నియు సరిగనే కనబడును. దోషము ఉన్నప్పుడే దోషమును వెదకవలెను.

మేము చూచిన ఒక ఉదాహరణము

కొన్ని సంవత్సరముల క్రితము మాకు పరిచితుడైన ఒక పెద్దమనిషి తన అంబాసిడరును తీసికొని వచ్చెను. పెండ్లిండ్లకు, తిరునాళ్లకు దానిని బాడుగకు త్రిప్పి ఆయన సంసారము గడపుచుండెను. నిలిపియుంచినపుడు ఇంజను ఊగిపోవుచుండెను. ఎత్తు ఎక్కలేకుండెను. పెట్రోలు ఎక్కువ త్రాగుచుండెను. ఒక మెకానిక్కు కార్బురేటరు చెడినదని క్రొత్తది బిగించెను, గుణము లేదు. రెండవ మెకానిక్కు ఇంజను అరిగినది, విప్పి బోరు చేయింపవలెను, 35 వేల రూపాయలగునని చెప్పెను. ఆయన వద్ద ఆ సొమ్ము లేకపోలేదు. కాని అది కూతురిని కళాశాలలో చేర్చుటకు దాచినది. చేర్చుటకు గడువు పదునైదు దినములు మాత్రమే యుండెను. కారు లేక బాడుగ లేదు, సొమ్ము లేక చదువు లేదు. ఇంజను విప్పకముందు ఒకమారు పరీక్షించి చూతమని మేము చెప్పితిమి.

ముందుగా, ఇంజను నడచుచుండగా, పట్టుకారుతో ఒక్కొక్క ప్లగ్గు తీగను క్షణకాలము వేరుచేసి చూచితిమి. ఒకటవ తీగ తీసినపుడు ఇంజను మరింత కుంటెను. రెండవ, నాలుగవ తీగలకును అట్లే. మూడవ తీగ తీసినపుడు మాత్రము ఏ మార్పును లేదు. అనగా మూడవ సిలిండరు ముందు నుండియు పనిచేయుట లేదు.

ఇచట కొంచెము ఆలోచింపుడు. కార్బురేటరు ఒక్కటే, అది నాలుగు సిలిండర్లకును మిశ్రమమును పంపును. అది చెడినచో సామాన్యముగ నాలుగింటికిని బాధ కలుగవలెను. ఒక్కటి మాత్రమే చెడినప్పుడు, ఆ ఒక్కదానికే సంబంధించిన భాగములను అనుమానింపవలెను. కాయిలు కూడ అందరికి ఉమ్మడి వస్తువే. కావున కార్బురేటరును మార్చిన మెకానిక్కు ఈ ఒక్క పరీక్ష ముందుగా చేసియుండినచో ఆ ఖర్చు తప్పియుండును.

మూడవ సిలిండరునకే చెందినవి దాని ప్లగ్గు, దాని తీగ, దాని వాల్వులు, పిస్టను, రింగులు. మూడవ ప్లగ్గును ఒకటవ స్థానమునకును, ఒకటవ ప్లగ్గును మూడవ స్థానమునకును మార్చితిమి. ప్లగ్గు దోషియైనచో దోషము దానితోపాటు ఒకటవ సిలిండరునకు పోవలెను. పోలేదు, మూడవదానియందే నిలిచెను. తీగను గూడ అట్లే మార్చి చూచితిమి. ఫలము అదియే. దీనితో నిప్పు నిర్దోషియని తేలెను. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

నొక్కుడును కొలుచుట

ఇక మిగిలినది కంప్రెషన్. దీనిని కొలుచుటకు గడియారము వంటి ముఖముగల ఒక చిన్న పరికరము కలదు. ఇంజనును వేడిచేసి, నాలుగు ప్లగ్గులను ఊడదీసి, నిప్పురవ్వ పుట్టకుండ కాయిలు తీగను తొలగించి, గాలి ధారాళముగా పోవునట్లు యాక్సిలరేటరును పూర్తిగా నొక్కి, ఒక్కొక్క ప్లగ్గు రంధ్రమున పరికరమును ఉంచి, సెల్ఫుతో అయిదారు మారులు ఇంజనును త్రిప్పవలెను. మాకు వచ్చిన కొలతలు ఇవి: ఒకటవ సిలిండరు 125 పౌండ్లు, రెండవది 120, మూడవది 60, నాలుగవది 125. ఇవి చదరపు అంగుళమునకు లెక్క.

మూడవదానియందు నొక్కుడు సగమునకు తగ్గినది. కాని ఇంజను అంతయు అరిగినదనుట పొసగదు. అట్లైనచో నాలుగును తగ్గియుండవలెను. ప్రక్క ప్రక్కనున్న రెండు సిలిండర్లు కలిసి తగ్గియుండినచో వాని నడుమ హెడ్డు గ్యాస్కెటు కాలినదని అనుమానించియుందుము. అదియు కాదు. ఇక నొక్కుడు రింగుల సందుననుండి క్రిందికి జారుచున్నదా, వాల్వుల సందుననుండి పైకి పోవుచున్నదా అను ప్రశ్న మిగిలెను.

దీనికి తడి పరీక్ష అను సులభోపాయము కలదు. ప్లగ్గు రంధ్రములో ఒక చెంచాడు ఇంజను నూనె పోసి మరల కొలువవలెను. నూనె పిస్టను చుట్టును చేరి రింగుల సందును కొంతసేపు మూయును. రింగులు అరిగినవైనచో కొలత బాగుగ పెరుగును. దోషము వాల్వులలో ఉన్నచో నూనె అచటికి చేరదు; కొలత పెద్దగా మారదు. మేము నూనె పోసి కొలువగా 60 అంకె 65 మాత్రమే అయ్యెను. అనగా దోషము వాల్వులది. బోరు చేయుటవలన ప్రయోజనము లేదు.

పైనున్న రేకు మూత తీసి చూచితిమి. వాల్వునకును, దానిని నొక్కు రాకరు చేతికిని నడుమ కొంచెము సందు ఉండవలెను. దానినే టాపెటు సందు అందురు. ఆ కారునకు అది అంగుళమును వేయి భాగములు చేసినపుడు అందు 15 భాగములంత. మూడవ సిలిండరు పొగవాల్వు వద్ద మిక్కిలి సన్నని రేకు కూడ దూరలేదు. సందు లేనందున వాల్వు పూర్తిగా మూసికొనుట లేదు. ఎల్లప్పుడును వెండ్రుకవాసి తెరచియుండెను. నొక్కుడు దానిగుండ జారిపోవుచుండెను.

సందు ఏల పోయినది? ఇదియే నిదానములోని చివరి మెట్టు. పూర్వము పెట్రోలులో సీసపు సమ్మేళనమును కలుపుచుండిరి. అది పొగవాల్వు కూర్చుండు చోటును అరుగనీయక కాపాడుచుండెను. కాని సీసము విషము. పిల్లల మెదడునకు హాని చేయును. అందుచేత మన దేశమున 2000 సంవత్సరము నాటికి సీసము కలిసిన పెట్రోలు అమ్మకమును నిలిపివైచిరి. అది మేలైన పనియే. అయితే పాత ఇంజనులలో పోత ఇనుముననే చెక్కిన వాల్వు పీటములు ఆ కాపు లేక నెమ్మదిగా అరుగును. పీటము అరిగినకొలది వాల్వు పైకి జరిగి టాపెటు సందును మ్రింగివేయును. ఈ కారులో జరిగినది అదియే.

నట్టు వదలించి, సందును సరిచేసి, తిరిగి బిగించితిమి. అరగంట నడిపిన పిమ్మట కొలువగా మూడవ సిలిండరు 115 పౌండ్లు చూపెను. వాల్వు ఇంకను కాలలేదు. ఆ దినము వరకు అదృష్టము కాపాడినది. అయిన ఖర్చు రేకు మూత క్రింది గ్యాస్కెటు వెల మాత్రమే. పీటము అరుగుట మరల సాగును గనుక కొన్ని వేల కిలోమీటర్లకు ఒకమారు సందును చూచుచుండవలెననియు, ముందెప్పుడైనను గట్టి ఉక్కు పీటములు వేయింపవలసి వచ్చుననియు ఆయనకు చెప్పితిమి. సొమ్ము దాచిన పనికే వినియోగమయ్యెను. ఆ అమ్మాయి గడువులోపల కళాశాలలో చేరినది.

గోటితో పోవుదానికి గొడ్డలి ఏల అని మన పెద్దలు అనుచుందురు. అయితే ఏది గోటితో పోవునో తెలియుటకే పరీక్ష కావలెను. ఒక్కొక్కప్పుడు నిజముగనే గొడ్డలి కావలసియుండును. అదే కారులో నాలుగు సిలిండర్లును తగ్గి, నూనె పోయగా నాలుగును పెరిగియుండినచో రెండవ మెకానిక్కు మాటయే ఒప్పు. ఆయన తప్పు బోరు చేయుమనుట కాదు, కొలువకుండ చెప్పుటయే.

పొగ, నూనె, నీరు, శబ్దము

కొలతలు లేకున్నను ఇంజను తన బాధను అనేక విధముల చెప్పుచుండును. వాని నెరుగుట మేలు.

నల్లని పొగ వచ్చినచో పెట్రోలు ఎక్కువ పోవుచున్నది, లేదా గాలి జల్లెడ మూసికొనినది. నీలిపొగ వచ్చినచో ఇంజను నూనె కాలుచున్నది. రింగులు గాని వాల్వు గొట్టములు గాని అరిగినవి. తెల్లని ఆవిరి ఇంజను వేడెక్కిన పిదప కూడ ఆగక వచ్చినచో నీరు సిలిండరులోనికి చేరుచున్నది. చలికాలపు ఉదయమున మొదట కనబడు ఆవిరిని చూచి భయపడనక్కరలేదు.

నూనె పోయు మూత లోపల మజ్జిగ మీగడ వంటి పదార్థము దట్టముగా చేరినచో నూనెలో నీరు కలిసియుండవచ్చును. రేడియేటరు నీటిలో ఎడతెగక బుడగలు వచ్చినచో హెడ్డు గ్యాస్కెటును అనుమానింపవలెను. ప్లగ్గు కొన లేత గోధుమరంగున ఉన్నచో అంతయు క్షేమము. పొడిమసి పట్టినచో పెట్రోలు ఎక్కువ. నూనెతో తడిసినచో లోపలికి నూనె చేరుచున్నది. తెల్లగా పొక్కినచో ఇంజను మితిమీరి వేడెక్కుచున్నది.

పైభాగమున టకటకయను తేలిక శబ్దము టాపెటు సందు హెచ్చుటవలన రావచ్చును. అది పెద్ద అపాయము కాదు. క్రిందిభాగమున బరువుగా దబదబయను శబ్దము వచ్చి, నూనె ఒత్తిడి దీపము కూడ వెలిగినచో బేరింగు కొట్టినదని గ్రహించి తక్షణమే ఇంజనును ఆపవలెను. ఇంటికి చేరుదమని నడిపినవాడు ఇంజనునే పోగొట్టుకొనును.

జ్ఞాపకముంచుకొనదగిన నియమములు

1. లక్షణమును స్పష్టముగ చెప్పుకొనుడు. ఎప్పుడు, ఎట్లు, వేడిలోనా, చలిలోనా అని వ్రాసికొనుడు.

2. ఒకమారు ఒక్క మార్పే చేయుడు. రెండు వస్తువులను ఒకేసారి మార్చినచో గుణము దేనివలన కలిగినదో తెలియదు.

3. ఖర్చు లేని పరీక్షను ముందు, ఖర్చుగల పరీక్షను తరువాత చేయుడు.

4. ఉమ్మడి భాగము చెడినచో అందరికి బాధ. విడిభాగము చెడినచో ఒక్కదానికే బాధ.

5. దోషము దొరికినప్పుడు, అది ఏల కలిగినదని మరియొకమారు ప్రశ్నింపుడు.

6. మూసిన గదిలో ఇంజనును నడుపకుడు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేకుండ ప్రాణము తీయును. వేడిగా ఉన్న రేడియేటరు మూతను తెరువకుడు. తిరుగుచున్న ఫ్యానుకు దగ్గరగా వదులు బట్టలతో, జడతో నిలువకుడు.

ఈ నియమములు కారునకు మాత్రమే చెందినవి కావు. బావి మోటారు ఆగినను, ఇంటిలో దీపము వెలుగకున్నను, పరీక్షలో లెక్క తప్పినను ఇవియే పనికివచ్చును. లెక్క తప్పినచో పుటనంతయు కొట్టివేయుటకు ముందు, ఏ వరుస వరకు సరిగనున్నదో చూచితిరా అని మిమ్ములను ప్రశ్నించుచున్నాము.

అభ్యాస ప్రశ్నలు

1. ఒక పాత కారులో నాలుగు సిలిండర్ల నొక్కుడు వరుసగా 120, 55, 60, 120 పౌండ్లు. ఏ భాగమును మొదట అనుమానింతురు? ఏల?

2. ఒక సిలిండరులో 70 పౌండ్లు ఉన్న కొలత నూనె పోసిన పిదప 110 అయ్యెను. దోషమెచట?

3. ఇంజను నిమిషమునకు 2400 మారులు తిరిగినచో నాలుగు సిలిండర్లకు కలిపి సెకనుకు ఎన్ని నిప్పురవ్వలు కావలెను?

4. ఎండలో ఆగిన కారు చల్లారిన పిదప అంటుకొనెను. అది మరల ఆగినప్పుడు మీరు చేయవలసిన మొదటి పరీక్ష ఏది? దానిని ఎప్పుడు చేయవలెను?